చచ్చినట్టు బతికే కంప్యూటరు

మా ఊరి బస్టాండు వెనక సందులో ఒక డీటీపీ సెంటరు ఉంది. అందులో ఒక మూల, చచ్చిపోయి పదకొండేళ్ళు దాటిన కంప్యూటరొకటి రోజూ పొద్దున తొమ్మిదింటికి లేచి పనిచేస్తుంది. ఊళ్ళో శుభలేఖలు దాని మీదే తయారవుతాయి. పెద్దకర్మ కార్డులూ దాని మీదే. ఎవరైనా పోతే వారి ఫొటో చుట్టూ నల్ల బోర్డరు కట్టి, కింద జననం, మరణం అని రెండు తేదీలు వేసేది ఈ పోయిన యంత్రమే. దాని సొంత కార్డు వేయాల్సివస్తే ఇలా ఉంటుంది: విండోస్ ఎక్స్‌పీ. జననం 2001 అక్టోబరు 25. మరణం 2014 ఏప్రిల్ 8.

జబ్బు చేయలేదు. దెబ్బ తగల్లేదు. ముహూర్తం వచ్చింది, పోయింది, అంతే. పెళ్ళికి ముహూర్తం పెట్టడం మనకి తెలిసిన విద్య. చావుకి ముహూర్తం పెట్టే విద్య అమెరికాలో రెడ్మండ్ అనే ఊళ్ళో మైక్రోసాఫ్ట్ వారి దగ్గరుంది. విండోస్ 7కి 2020 జనవరి 14 అన్నారు. విండోస్ 10కి మొన్న 2025 అక్టోబరు 14 అన్నారు. తేదీ దాటిన మర్నాడు కూడా కంప్యూటరు మామూలుగానే లేస్తుంది, మామూలుగానే విసిగిస్తుంది. కాకపోతే ఆ రోజు నుంచి దానికి మందు పంపేవాళ్ళుండరు. గోడకి కన్నం పడితే పూడ్చేవాళ్ళుండరు. కొన్నేళ్ళు తిరిగేసరికి పరిచయస్తులందరూ తల తిప్పుకుని వెళ్ళిపోతుంటారు. బ్రౌజరు రానంటుంది, ప్రింటరు పలకనంటుంది, బ్యాంకు సైటు గుమ్మంలోంచే పంపేస్తుంది. మనిషిని చంపకుండా చంపే ఈ పద్ధతికి మన పల్లెల్లో పాత పేరే ఉంది: వెలి. నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, పలకరించరు. ఆ తర్వాత వాడు చచ్చినట్టు బతకాలి.

మరి ఇలాంటిదాన్ని ఎందుకు పారేయరండీ అని డీటీపీ ఆయన్ని అడిగాను ఒకసారి. ఆయన మాట్లాడకుండా ఒక ఫోల్డరు తెరిచారు. 2003 నుంచి ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళు, ఓణీలు, గృహప్రవేశాలు, ఎన్నికల కరపత్రాలు, ఇద్దరు ముగ్గురు కవుల సంపుటాలు, ఒక స్థలపురాణం, అన్నీ అందులో వరసగా పడుకుని ఉన్నాయి. అన్నీ పేజీమేకర్ ఫైళ్ళు. అన్నీ అను ఫాంట్లు.

ఈ రెండు మాటలు వినగానే అచ్చు పనితో పరిచయం ఉన్న తెలుగువాడు నిట్టూరుస్తాడు. తెలియనివారి కోసం చెబుతాను. కంప్యూటరుకి తెలుగు రాని రోజుల్లో మనవాళ్ళు చేసిన గమ్మత్తు అది. ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే కుర్చీల్లో తెలుగు ముక్కల్ని తెచ్చి కూర్చోబెట్టారు. తలకట్టుకొక కుర్చీ, కొమ్ముకొక కుర్చీ, వత్తుకొక కుర్చీ. తెర మీద 'చిరంజీవి సౌభాగ్యవతి' అని ముత్యాల్లా కనిపిస్తుంది. లోపల కంప్యూటరు మాత్రం ఇదేదో తలాతోకా లేని ఇంగ్లీషు అనుకుంటూ మోస్తుంది. ఫాంటు లేని ఇంకో కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే వేషం ఊడిపోతుంది. పెళ్ళికూతురు పేరున్న చోట రెండు డాలరు గుర్తులూ, ఒక బ్రాకెట్టూ, ఒక ప్రశ్నార్థకమూ మిగులుతాయి. పెళ్ళికొడుకు తండ్రి ఉద్యోగం ఆశ్చర్యార్థకం అవుతుంది.

తెలుగుకి సొంత కుర్చీలు లేవా అంటే, 1991లో యూనికోడ్ తొలి కూర్పులోనే ఇచ్చారు. విండోస్ ఆ కుర్చీల్లో కూర్చోవడం నేర్చింది ఏ కూర్పుతో అనుకున్నారు? సాక్షాత్తూ ఈ ఎక్స్‌పీతోనే. గౌతమి అనే తెలుగు ఫాంటుని వెంటబెట్టుకుని వచ్చింది. అంటే తెలుగు తెలిసిన మొదటి విండోసుని మనం పట్టుకుని వేలాడుతున్నది దానికి తెలుగు వచ్చినందుకు కాదు, తెలుగు రానిరోజుల వేషాలు దాని దగ్గర భద్రంగా ఉన్నందుకు! పేజీమేకర్ ఆఖరి కూర్పు 7.0 కూడా 2001లోనే వచ్చింది. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టారు, ఒకే గదిలో వెలి అనుభవిస్తున్నారు, ఒకరినొకరు చూసుకుని బతుకుతున్నారు. ఊళ్ళో ఇంత అన్యోన్యమైన దంపతులు ఇంకొకరు లేరు.

ఈ మూల కంప్యూటరుకి ఇంటర్నెట్ తీగ కట్టి చూద్దామని మొన్న నవంబరులో నాకొక పాడుబుద్ధి పుట్టింది. చెప్పులతో గర్భగుడిలోకి వస్తానన్నవాణ్ణి చూసినట్టు చూశారు డీటీపీ ఆయన. బతిమాలాక ఒప్పుకున్నారు. తెర మీద ఆ పచ్చని కొండ. మీరందరూ చూసిందే. చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫరు 1996 జనవరిలో కాలిఫోర్నియాలో రోడ్డు పక్కన తీసిన బొమ్మ. ప్రపంచంలో కోట్లమంది రోజూ చూసి, ఒక్కరూ ఎక్కని కొండ. కింద కుడిచేతి మూల గడియారం చూస్తే 2002 జనవరి 1.

"ఇదేంటండీ?"

"లోపల గుండ్రటి బ్యాటరీ పోయిందండి. కరెంటు పోయినప్పుడల్లా అక్కడికెళ్ళి కూర్చుంటుంది."

"ముప్పై రూపాయల బ్యాటరీ కదా, మార్చలేదేం?"

"పేజీమేకర్‌కి తేదీతో పనేముందండీ?"

ఆ జవాబుకి ఇప్పటికీ నా దగ్గర తిరుగు జవాబు లేదు. కానీ ఇంటర్నెట్‌కి తేదీతో పని ఉంది. తాళం బొమ్మ ఉన్న ప్రతి సైటూ ఒక గుర్తింపు పత్రం చేత్తో పట్టుకుని నిలబడుతుంది. ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా చెల్లును అని దాని మీద రాసి ఉంటుంది. 2002లో కూర్చున్న కంప్యూటరు దాన్ని చూసి, అయ్యా, మీ పత్రం ఇంకా పుట్టనే లేదే అంటుంది. దాని దృష్టిలో మన బ్యాంకులూ, పత్రికలూ, రైలు టికెట్లూ అన్నీ ఇంకా అమ్మకడుపులో ఉన్నాయి. తేదీ చేత్తో దిద్దాను. అప్పుడు అసలు అవమానం మొదలైంది.

బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే ముందు చేతులు కలుపుతాయి. దానికో మర్యాద ఉంది, ఆ మర్యాదకి కూర్పులున్నాయి. ఎక్స్‌పీతో వచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరు మహా అయితే టీఎల్ఎస్ 1.0 పద్ధతిలో చెయ్యి చాస్తుంది. అవతలివారు 2008లో వచ్చిన 1.2 కావాలంటారు, కొందరు 2018 నాటి 1.3 కావాలంటారు. 1.2 కంటే పాత కూర్పుల్ని 2020లో పెద్ద బ్రౌజర్లన్నీ కలిసి వదిలేశాయి. చాచిన చెయ్యి గాల్లో ఉండిపోతుంది. తెర మీద మాత్రం 'పేజీ చూపించలేము' అని ఒక్క ముక్క. ఎందుకు చూపించలేరో చెప్పరు. వెలివేసినవాడికి కారణం చెప్పే ఆచారం ఊళ్ళోనూ లేదు లెండి.

ఫైర్‌ఫాక్స్ 52 అని ఎక్స్‌పీ మీద నడిచే ఆఖరి నిప్పునక్క ఒకటుంది. అది కొంచెం చదువుకున్నది, 1.2 మర్యాద తెలిసినది. దాంతో ఒక వార్తల పేజీ తెరిచాను. వార్త నాలుగు పేరాలు. వెబ్‌లో వాడే యూనికోడ్ పద్ధతిలో ఒక తెలుగు గుర్తుకి మూడు బైట్లు పడతాయి. ఎంత ధారాళంగా లెక్కేసినా ఆ నాలుగు పేరాలూ పది కిలోబైట్లు దాటవు. ఆ పది కిలోబైట్ల పెళ్ళికొడుకు వెనక ఊరేగింపు చూడాలి! నోటిఫికేషన్లు పంపమంటారా అని ఒకడు, కుకీలు తింటారా అని ఒకడు, మీరెక్కడున్నారు అని ఒకడు, తనంతట తాను పాడే వీడియో ఒకడు, పొట్ట తగ్గించే పొడి ఒకడు, మీరు చూస్తున్నది ఎంతసేపు చూశారో రాసుకునే గుమాస్తాలు పదిమంది. ఒకప్పుడు ఫ్లాపీలో నవల పట్టేది. ఇప్పుడు సగటు వెబ్ పేజీ ఒకటి ఫ్లాపీలో పట్టదు. కంప్యూటరు గాలిపంకా విమానంలా మోగింది. పచ్చకొండ తెల్లబోయింది. పదినిమిషాల తర్వాత శీర్షిక మాత్రం వచ్చింది. 'ఇంటర్నెట్ వేగంలో ముందంజ' అని.

ఎక్స్‌పీ పుట్టినప్పుడు కనీసం 64 మెగాబైట్ల జ్ఞాపకశక్తి చాలన్నారు. విండోస్ 11కి కనీసం 4 గిగాబైట్లు కావాలట. లెక్క కట్టండి: సరిగ్గా 64 రెట్లు. చతుష్షష్టి కళలు నేర్చిందన్నమాట. ఆ కళలన్నీ ఉపయోగించి మనం చేస్తున్నదేమిటంటే, వాట్సాప్‌లో వచ్చిన శుభోదయం బొమ్మ ఇంకొకరికి తోయడం. ముసలివాడికి నడక రాకపోవడం వేరు, వీధి నిండా బళ్ళు పెట్టేసి వాడికి నడక రాదనడం వేరు. నేను ఆ రోజు ఎక్స్‌పీ ముందు కూర్చుని చూసింది రెండోది.

ఇంతలో మా మావయ్య వచ్చాడు.

మావయ్య కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. డెబ్బై ఆరేళ్ళు. నవంబరు వచ్చిందంటే తను బతికే ఉన్నానని ప్రభుత్వానికి రుజువు చేసుకోవాలి, లేకపోతే పెన్షను ఆగుతుంది. ఇదివరకు ఒక ఆఫీసరు ముందు నిలబడి దగ్గితే సరిపోయేది. 2014 నవంబరు నుంచి డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చింది. గమనించారా, ఎక్స్‌పీ పోయిన ఏడాదే మనుషులు కంప్యూటరు ముందు బతికుండడం మొదలుపెట్టారు. వేలు పెట్టవచ్చు, ముఖం చూపించవచ్చు, ఇంట్లోంచి కదలక్కర్లేదు. మంచిదే. ఎన్నో ప్రాణాలకి బ్యాంకు మెట్లు ఎక్కే బాధ తప్పింది. కాకపోతే మావయ్య ఫోను మావయ్యలాగే పాతది. ముఖం చూసే యాప్ దింపుదామంటే, మీ పరికరానికి ఇది సరిపడదు అంది. అందుకని బతికున్న మనిషి బస్సెక్కి బస్టాండు వెనక సందుకి వచ్చాడు.

డీటీపీ సెంటర్లో 'ఆన్‌లైన్ పనులు' అని బోర్డు పెట్టిన రెండో కంప్యూటరు విండోస్ 7. అదీ పోయినదే, కానీ కొత్తగా పోయినది. దానికి దొరికే ఆఖరి క్రోమ్ 109, 2023 జనవరి నాటిది. వేలిముద్ర యంత్రం తగిలించారు. మీ బ్రౌజరు పాతది, నవీకరించండి అంది తెర. నవీకరించబోతే, మీ ఆపరేటింగ్ సిస్టమ్ పాతది, దాన్ని నవీకరించండి అంది. దాన్ని నవీకరించబోతే, మీ కంప్యూటరే పాతది అంది. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని ఇదంతా చదివి, "ఇంకొక్క మెట్టు ఎక్కితే నన్నే పాతవాడినంటుందిరా, ఇక్కడితో ఆపు" అన్నాడు.

"అయినా ఎవర్రా వీడు?" అన్నాడు మళ్ళీ, తెరని చూపించి.

"విండోస్ 7 మావయ్యా. అయిదేళ్ళ కిందటే పోయింది."

"నేను బతికున్నానని పోయినవాడి చేత సాక్ష్యం చెప్పిస్తున్నారా?"

ఈ నవీకరించండి అనే మాట చెప్పే పెద్దమనుషుల ఇళ్ళు ఒకసారి చూద్దాం. మన సర్కారు సైట్ల అడుగున చాలా ఏళ్ళు ఒక వాక్యం శాసనంలా చెక్కి ఉండేది: ఈ సైటుని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6లో, 1024 బై 768 కొలతలో చూడడం ఉత్తమం. కొలత కూడా చెప్పారు చూడండి, ఫొటో స్టూడియోలో గడ్డం పైకెత్తమన్నట్టు. 2015లో క్రోమ్ జావా ముక్కల్ని బయటికి నెట్టేశాక, డిజిటల్ సంతకం పెట్టాలంటే ఎక్స్‌ప్లోరరే గతి అన్న టెండర్ల సైట్లు నేనెరుగుదును. మా డీటీపీ ఆయన కాంట్రాక్టర్ల కోసం ఒక బ్రౌజరు, పెన్షనర్ల కోసం ఒక బ్రౌజరు, విద్యార్థుల కోసం ఒక బ్రౌజరు విడివిడిగా పెట్టుకున్నారు, హోటల్లో శాకాహారం గరిటె, మాంసాహారం గరిటె వేరుగా పెట్టినట్టు. కొత్తది లేకపోతే ఒక శాఖ రానివ్వదు, పాతది లేకపోతే ఇంకో శాఖ రానివ్వదు. చివరికి 2022 జూన్ 15న ఆ ఎక్స్‌ప్లోరర్నీ మైక్రోసాఫ్ట్ వారు విశ్రాంతికి పంపేశారు. పౌరుడు మాత్రం మధ్యలో మద్దెలలా రెండు వైపులా వాయింపించుకుంటూ ఉండిపోయాడు.

బ్యాంకుల సంగతి. పాత కంప్యూటర్లోంచి లావాదేవీలు చేయకండి, ప్రమాదం అని మనకి బ్యాంకులు బోధిస్తూనే ఉంటాయి. అదే సమయంలో వాటి ఏటీఎంలు ఏ విండోసు మీద నడిచేవో ఊహించండి. ఎక్స్‌పీ చచ్చిన నాలుగేళ్ళకి, 2018 జూన్‌లో, రిజర్వు బ్యాంకు కూర్చోబెట్టి చీవాట్లు పెట్టింది: ఎక్స్‌పీ లాంటి కాలం చెల్లినవాటి మీద నడిచే ఏటీఎంలు 2019 జూన్ కల్లా మార్చి తీరాలి, మూడు నెలలకోసారి పావు వంతు చొప్పున అని. అంటే మనం బయట నిలబడి పిన్ నంబరుకి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంటే లోపల పచ్చకొండ నవ్వుతూ ఉండేదన్నమాట.

ఇది మన పేదరికం అనుకుని సిగ్గుపడకండి. 2015 నవంబరులో పారిస్ ఓర్లీ విమానాశ్రయంలో విమానాలు ఆగిపోయాయి. పొగమంచు గురించి పైలట్లకి కబురందించే కంప్యూటరు మొరాయించింది. అది విండోస్ 3.1 మీద నడిచేది, 1992 నాటిది. అదే ఏడాది అమెరికా నౌకాదళం ఎక్స్‌పీనీ దాని వయసు సరుకునీ ఇంకా కొంతకాలం బతికించమని దాదాపు 90 లక్షల డాలర్లకి ఒప్పందం రాసుకుంది. అంతకు ముందు ఏడాది బ్రిటన్ ప్రభుత్వం ఒక్క సంవత్సరం ఆయుష్షుకి దాదాపు 55 లక్షల పౌండ్లు కట్టింది. అక్కడ తెలిసింది నాకు అసలు రహస్యం. ముహూర్తం మీకూ నాకూ మాత్రమే. యుద్ధనౌక ఉన్నవాడికి యముడు వాయిదాల మీద ప్రాణం అమ్ముతాడు.

ఇప్పుడు ఆ సౌకర్యం చిల్లరగా కూడా దొరుకుతోంది. విండోస్ 10 పోయాక ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, మందులు పంపడానికి మామూలు మనిషి దగ్గర 30 డాలర్లు పుచ్చుకుంటారట. డబ్బు లేకపోతే వారి సేవలు వాడి పోగేసిన వెయ్యి పాయింట్లు ఇవ్వవచ్చు. అవీ లేకపోతే మీ సెట్టింగులన్నీ వారి దగ్గర దాచుకోవచ్చు. మార్కండేయుడు శివలింగాన్ని కావలించుకుని, సావిత్రి వెంటబడి నడిచి, తెలివిగా వరాలడిగి ప్రాణం తెచ్చుకున్నారు. పాపం, వాళ్ళ కాలంలో రివార్డు పాయింట్లు లేవు.

విండోస్ 10 గురించి ఇంకొక్క మాట. 2015లో అది రాబోయే ముందు ఇదే ఆఖరి విండోస్ అని ఆ కంపెనీ ఉద్యోగి ఒకరు సభలో అన్నారు. పైవాళ్ళు కాదనలేదు. ఎన్నికల్లో నిలబడేవాడు ఇవే నా చివరి ఎన్నికలు అన్నప్పుడు నమ్మినట్టే మనం నమ్మాం. 2021 అక్టోబరులో 11 వచ్చింది. వస్తూ వస్తూ అర్హతల జాబితా తెచ్చింది: టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి. ఆ తరం మొదలైందే 2017లో. కాబట్టి 2016లో అప్పుచేసి కొన్న, ఒక్క గీత పడని, నిన్నటిదాకా పిల్లాడి ఆన్‌లైన్ క్లాసులు మోసిన కంప్యూటరు పోటీకి కూడా పనికిరాదు. ఏడో తరంవాడికి సంబంధం ఇవ్వరు. మన పెళ్ళిళ్ళలో కూడా ఇంత పట్టింపు సడలిపోయింది.

ఇదంతా చదివి, శభాష్, నా పాత డబ్బాతోనే ఉంటాను, నా దగ్గర దొంగిలించడానికేముంది అని చంకలు గుద్దుకునేవారున్నారు. వారి కోసం కూడా నా దగ్గర కొంచెం ఉంది. 2017 మే 12న వానాక్రై అనే పురుగు లోకం మీద పడింది. ఫైళ్ళన్నీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కడితే గానీ తియ్యనంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు స్టేషన్లలో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఎఫ్ఐఆర్ రాసే కంప్యూటర్నే ఎత్తుకెళ్ళి డబ్బడిగినవాడి మీద ఎఫ్ఐఆర్ ఎక్కడ రాయాలో చెప్పే సెక్షను ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

తమాషా ఏమిటంటే, అందరూ తిట్టుకున్న ఎక్స్‌పీ కాదు ఆ పురుగుకి ఎక్కువ దొరికింది, అప్పటికి ఇంకా కంపెనీ మందులందుతున్న విండోస్ 7. మందు మార్చిలోనే వచ్చింది. వేసుకోలేదు. ఎందుకు వేసుకోలేదంటే మన వీధి గుట్టు బయటపడుతుంది. ఎక్స్‌పీ రోజుల నుంచీ మనకి విండోస్ అంటే కంప్యూటరు కుర్రాడు జేబులోంచి తీసిన సీడీ. అప్‌డేట్ తెరిచామా, ఇది అసలుది కాదు, మీరు మోసపోయారు అని చెప్పి గంటకోసారి తెర వెనకాల నల్లగా చేసేది. ఆ నలుపు భరించలేక ఊరు ఊరంతా అప్‌డేట్ మీట కట్టేసింది. ఆ తర్వాత కుర్రాడికి యాభై రూపాయలు ఎక్కువిచ్చి, అప్‌డేట్ రాకుండా చేసిపెట్టు బాబూ అని అడిగేవాళ్ళం. తలుపుకి గొళ్ళెం పెట్టొద్దని మేస్త్రీకి బోనస్ ఇచ్చినట్టు. పైన ఒక యాంటీవైరస్, ట్రయల్ అయిపోయి ఏళ్ళయింది, రోజూ ఒకసారి లేచి నేను నిద్రపోతున్నానని చెప్పి మళ్ళీ పడుకుంటుంది. ఆ కంప్యూటర్లోకి ఊరందరి పెన్‌డ్రైవులూ వస్తాయి, పోతాయి. మా డీటీపీ ఆయన ఎక్స్‌పీకి ఇంటర్నెట్ తీగ కట్టనివ్వడానికి జంకడం వెనక ఉన్నది ఛాందసం అనుకున్నాను ముందు. ఆయనే ఈ మొత్తం వ్యవహారంలో భద్రత అర్థమైన ఒకే ఒక్క మనిషి.

విండోస్ మానేసి లినక్స్ వాడుకోవచ్చు కదా అంటారు. వాడుకోవచ్చు. పాత యంత్రాల మీద హాయిగా నడుస్తుంది, ఎవరూ చావు తేదీతో బెదిరించి డబ్బడగరు. మన ప్రభుత్వ సంస్థ సీడాక్ వారే 2007లో బాస్ అని ఒకటి తయారుచేసి ఇచ్చారు. నేను ఆ మాట అనగానే డీటీపీ ఆయన ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "అందులో అను వస్తదాండీ?" చర్చ ముగిసింది.

మావయ్య ప్రాణం సంగతి మధ్యలో వదిలేశాను. చివరికి డీటీపీ ఆయన కొడుకు కాలేజీ నుంచి వచ్చి, తన కొత్త ఫోను తీసి, "తాతగారూ, రెప్ప వాల్చండి, మళ్ళీ ఎత్తండి" అన్నాడు. రెండు నిమిషాల్లో మావయ్య బతికున్నట్టు ప్రభుత్వం ఒప్పుకుంది. ఫోన్లోకి పీడీఎఫ్ వచ్చింది. ఇక ఇంటికి వెళ్ళొచ్చు. కానీ మావయ్య కాగితాల తరం మనిషి. "ప్రింటు తియ్యి బాబూ, చేతిలో లేని ప్రాణం ప్రాణమేనా" అన్నాడు.

సెంటర్లో ఉన్న లేజర్ ప్రింటరు ఒక్కటే. దాని డ్రైవరు ఎక్స్‌పీకి మాత్రమే ఉంది. విండోస్ 7 దాన్ని గుర్తుపట్టదు. కాబట్టి ఆ పీడీఎఫ్ ఫోనులోంచి తీగ మీద రెండో కంప్యూటర్లోకి దిగింది. ఎక్స్‌పీలోని రీడరు దాన్ని తెరవనంది కాబట్టి జేపీజీ బొమ్మగా మారింది. బొమ్మ పెన్‌డ్రైవెక్కి మూలకి వచ్చింది. మూల కంప్యూటరు సరిగ్గా అప్పుడే కరెంటు పోయి వచ్చి మళ్ళీ లేస్తోంది. డీటీపీ ఆయన ఏ కాగితమైనా పేజీమేకర్లో పెట్టే ప్రింటు తీస్తారు, ఆయనకి ఇంకో దారి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. పెళ్ళయినా, చావైనా, బతుకైనా అందులోంచే. పేజీ కింద ఫైలు పేరూ తేదీ పడే టిక్కు ఎప్పుడో 2004లో పెట్టారు, తీయలేదు.

ప్రింటు వచ్చింది. ఫలానా పెన్షనరు సజీవంగా ఉన్నారు అని పైన. అడుగున చిన్న అక్షరాల్లో 01-01-2002.

మావయ్య కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, రెండుసార్లు చదివాడు. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు.

"ఒరేయ్, అప్పటికి నేను సర్వీసులోనే ఉన్నానురా. అయితే నాకు రావాల్సింది పెన్షను కాదు, జీతం. డీఏ బకాయిలతో సహా ఎంతవుతుందో కాస్త లెక్క కట్టి చెప్పమను."

"ఇరవై రూపాయలండి" అన్నారు డీటీపీ ఆయన, ప్రింటుకి.